కోతల పండుగ సీసా

జనవరి 25, ఆదివారం. రేపల్లె

పొద్దున్నే మొదటి వింత: మా చర్చి గుడిలో బల్ల ముందు, గుమ్మడికాయలకీ అరటిగెలకీ మధ్య ఒక నీలం సీసా నిలబడి ఉంది. కాళ్లు కట్టేసిన కోడి ఒకటి దాని మూతని అదేపనిగా పొడుస్తోంది. కోతల పండుగకి ధాన్యం వస్తుంది, కొబ్బరికాయలు వస్తాయి, ఎవరో ఒకరు దిండు గలీబులు కుట్టి తెస్తారు. ఇంజన్ ఆయిల్లో కలిపే మందు రావడం మాత్రం నేను పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

తెచ్చింది మావయ్య. తెనాలి నుంచి పొద్దుటి రైల్లో వచ్చాడు. "ఇదేంట్రా బర్నబాసూ?" అని అమ్మ గుడి మెట్ల మీదే పట్టుకుంది. "రైతు తన పంటలోంచి తెస్తాడు. నాది ఆయిల్ షాపు. నా పంట ఇదే అక్కా" అన్నాడు. పాస్టరుగారు నవ్వి, కానుకలన్నిటితో పాటు దానిమీదా చెయ్యి చాపి ప్రార్థన చేశారు.

రెండో వింత ఇంకా పెద్దది. ఆరాధన అయ్యాక వేలంపాటలో ఆ సీసా వంతు వచ్చినప్పుడు, మావయ్య ఒక కరపత్రం పాస్టరుగారి చేతిలో పెట్టాడు. మైకులో వినిపించింది: "రాపిడి ఎరుగని ఇంజన్, అలుపెరుగని ప్రయాణం. ఏ బండికైనా ఒక్క సీసా."

అవి నా మాటలు! క్రిస్మస్ సెలవుల్లో మావయ్య షాపులో కూర్చుని రాసినవి. సీసా మీద ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో పెట్టమంటే, మూడు రోజులు కూర్చుని పెట్టాను. 'నాలుగు లీటర్ల ఆయిల్‌కి ఒక సీసా' అని ఒక వాక్యం ఉంది గానీ, అది పెడితే లయ మొత్తం పోయింది. తీసేశాను. 'ఏ బండికైనా' అన్నది మావయ్య అడిగాడు. అది బాగానే కుదిరింది.

సీసాని పాడుకున్నది సంజీవరావు బాబాయ్. నిజాంపట్నం హార్బర్‌లో చేపలు వేలంలో పాడుకుని, బైకు వెనక ఐసు పెట్టెలో వేసుకుని రేపల్లెలో అమ్ముతాడు. మిగిలితే తెనాలి దాకా వెళ్తాడు.

"ఏం సంజీవరావూ, బంగారం లాంటి కోడిని వదిలేసి సీసా మీద పడ్డావేంటి?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"కోడిని నేను తింటా. నన్ను మేపేది బండి కదా!" అన్నాడు బాబాయ్. గుడంతా నవ్వులు.

అమ్మ గుమ్మడికాయ పాడుకుంది. ఇంక ఈ వారమంతా ఇంట్లో గుమ్మడికాయే. ప్రార్థన చేసిన వస్తువులో ముక్క కూడా పారెయ్యకూడదని అమ్మ నియమం. అమ్మదే కాదు, ఇక్కడ అందరిదీ.

నా మాట మైకులో వినపడటం ఎలా ఉందో రాద్దామని ఇందాకటి నుంచీ చూస్తున్నాను. మాట దొరకడం లేదు.

జనవరి 26, సోమవారం. బాపట్ల

కాలేజీలో జెండా వందనానికి ఆలస్యంగా చేరాను. బస్సులో దారంతా 'ఎరుగని' అనే ఒక్క మాట గురించే ఆలోచన. 'తెలియని' అని రాసి ఉంటే అంత బావుండేది కాదు.

జనవరి 29, గురువారం

ఇవాళ ఫ్లోరెన్స్ మేడం క్లాసు లూబ్రికేషన్ మీద. నేను లేచి అడిగాను: "మేడం, ఆయిల్లో విడిగా కలిపే సింథటిక్ మందులు ఇంజన్‌కి మంచివా, చెడ్డవా?"

"దేనికి?" అన్నారు.

"ఇంజన్‌కి మేడం."

"ఇంజన్ అంటే ఒక్క వస్తువా హెలెన్? ఏ ఇంజన్లో, ఏ భాగానికి, ఎంత కలిపితే? ఆ మూడూ చెప్పు, నేను జవాబు చెప్తా."

అందరూ నవ్వారు. మెకానికల్ రెండో సంవత్సరంలో అమ్మాయిలం ముగ్గురమే కాబట్టి, మాలో ఎవరు లేచినా నవ్వడానికి వీళ్లు సిద్ధంగా ఉంటారు. తర్వాత మేడమే చెప్పారు. డబ్బాలో కొనే ఆయిల్ ఉత్త ఆయిల్ కాదట. అరుగుదల తగ్గించేవీ, మడ్డి పట్టకుండా చూసేవీ, నురగ రాకుండా ఆపేవీ, అన్నీ ముందే సరిచూసి కలుపుతారట. "పులుసులో ఉప్పూ పులుపూ సరిపోయాక దించేశావు. ఇంకా రుచి రావాలని ఎవరో వచ్చి ఇంకో గరిటెడు చింతపండు రసం పోశారనుకో. పోసింది మంచి చింతపండే. పులుసేమవుతుంది?"

"కొన్నిసార్లు పులుపు తక్కువై ఉండొచ్చుగా మేడం" అన్నాను.

"ఉండొచ్చు. రుచి చూడకుండా నీకెలా తెలిసింది?"

నాకైతే మేడం జవాబు తప్పించుకున్నారనే అనిపించింది.

జనవరి 31, శనివారం. తెనాలి

ఇంటికి వెళ్లే దారిలో తెనాలిలో దిగాను. షాపు ముందు మావయ్య మిషన్ పెట్టి చూపిస్తున్నాడు, చుట్టూ జనం. మోటారుకి ఒక ఇనప చక్రం, దాని మీద ఆనేలా ఒక చిన్న బేరింగు, బేరింగుని నొక్కడానికి ఒక కడ్డీ. ముందు మామూలు ఆయిల్ పోసి కడ్డీకి బరువులు తగిలిస్తాడు. ఒకటి, రెండు, కీచుమని చక్రం ఆగిపోతుంది. తర్వాత అదే ఆయిల్లో మన మందు. బరువులన్నీ తగిలించినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. చివర్లో మావయ్యే కడ్డీ మీద వేలాడతాడు. అయినా తిరుగుతుంది!

"చూశారాండీ! ఇది నా నోటి మాట కాదు, మీ కళ్ల ముందరి మాట."

ఒక పెద్దాయన కరపత్రం చదివి, "ఎవరు రాశారయ్యా, బాగుందే" అన్నాడు.

"ఇదిగో మా కోడలు. కొనుక్కొచ్చిన మాటలు కాదు, మా ఇంట్లో పుట్టినవి" అని మావయ్య నా భుజం పట్టుకుని ముందుకి లాగాడు. 'మా రచయిత్రి' అన్నాడు. నన్ను ఆ మాట అన్న మొదటి మనిషి మావయ్యే. స్కూల్లో వ్యాసానికి బహుమతి వస్తే, "ఇంజనీరింగ్‌లో ఇవేం పనికొస్తాయే" అన్నవాళ్లే అందరూ.

ఫిబ్రవరి 1, ఆదివారం. రేపల్లె

గుడి బయట సంజీవరావు బాబాయ్ నన్ను ఆపి మరీ బండి స్టార్ట్ చేసి వినిపించాడు.

"ఎట్టా ఉంది పాపా? పిల్లి నడిచినట్టు లేదూ! మొన్నటిదాకా తవుడు మిల్లులా ఉండేది. నువ్వు రాసింది రాసినట్టే అయింది."

నిజంగానే చప్పుడు మెత్తబడింది. "ఎంత పోశారు బాబాయ్?" అని అడిగాను.

"ఎంతేంటి, మొత్తం! దీవెన వస్తువు మిగల్చకూడదుగా. శివనాగరాజు షెడ్డులో ఆయిల్ మార్పించేటప్పుడు, అంత మేరకి ఆయిల్ తగ్గించి సీసా సీసా గుమ్మరించేశా. మా హార్బర్లో చేపల బళ్లోళ్లందరూ ఇదేం మందు, ఎక్కడ దొరుకుద్దని ఒకటే అడగడం."

బైకుకి పట్టేది ఒక లీటరు. సీసా నాలుగు లీటర్లకి. కానీ చప్పుడు తగ్గింది కదా. మంచిది కాస్త ఎక్కువ పడితే ఏమవుతుంది?

ఫిబ్రవరి 5, గురువారం. బాపట్ల

అమ్మ ఫోన్. కబుర్ల మధ్యలో, సంజీవరావు బాబాయ్ బండి క్లచ్ పట్టడం లేదట, శివనాగరాజు ప్లేట్లు మార్చాడట. చేపలు, ఐసు, వెనక విజయమ్మ పిన్ని. అంత బరువు మోసే బండికి క్లచ్ ప్లేట్లు అరగడం మామూలే.

ఫిబ్రవరి 7, శనివారం. రేపల్లె

ఊరికే, దారిలోనే ఉంది కదా అని శివనాగరాజు షెడ్డుకి వెళ్లాను.

"ఏంటమ్మా ఇంజనీరుగారూ, మా షెడ్డుకి తనిఖీకొచ్చారా?" అన్నాడు.

"బాబాయ్ బండికి ఏమైందన్నా?"

"ఏమవుద్ది? ఐసు పెట్టె, దాని మీద ఇంకో పెట్టె, దాని వెనక పెళ్లాం. ఏనుగుకైనా కాళ్లు జారతాయి. ఈ మధ్య ప్లేట్లు కూడా కల్తీవే వస్తన్నాయి." తీసేసిన పాత ప్లేట్లు మూల పడి ఉన్నాయి. చేతిలోకి తీసుకుని చూశాను. పెద్దగా అరిగినట్టు లేవు. వేళ్లకి మాత్రం జిడ్డు వదల్లేదు. "ఇవి నేను తీసుకోవచ్చా?" అంటే, "తీస్కో తల్లీ, మ్యూజియంలో పెట్టుకో" అన్నాడు.

సరిగ్గా అప్పుడే బాబాయ్ వచ్చాడు, చేతిలో నీలం సీసా. "కొత్త ప్లేట్లు కదా పాపా, వీటికి కూడా రక్షణ ఉండాలని మీ మావయ్యకి ఫోన్ చేసి ఇంకోటి తెప్పించా."

మూత తీసి పోస్తుంటే పక్కనే నిలబడ్డాను. శివనాగరాజు గరాటు పట్టుకున్నాడు. నేను ఏమీ అనలేదు. ఏమనాలి? నాకేం తెలుసని? మెకానిక్కే బరువు వల్ల అంటున్నాడు.

ఫిబ్రవరి 8, ఆదివారం

మంచిది కాస్త ఎక్కువ పడితే ఏమవుతుంది.

ఫిబ్రవరి 10, మంగళవారం. బాపట్ల

విజయమ్మ పిన్ని చెయ్యి విరిగింది.

నిజాంపట్నం నుంచి వస్తూ కాలువ వంతెన ఎక్కుతున్నారట. మధ్యలో బండి పట్టు వదిలేసింది. "ఇంజన్ గోల పెడతా ఉంది, బండి మాత్రం ముందుకు రాలేదంట. అట్టాగే వెనక్కి జారిందంట" అని అమ్మ చెప్పింది. వెనక లారీ ఉంది. లారీ డ్రైవర్ బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. పెట్టె పడి చేపలన్నీ వంతెన మీద. పిన్ని పడేటప్పుడు కుడి చెయ్యి ఆనించింది.

ఫోన్ పెట్టేశాక, శివనాగరాజు ఇచ్చిన ప్లేట్లు సంచిలోంచి తీశాను.

వేళ్లకి మళ్లీ అదే జిడ్డు.

ఫిబ్రవరి 11, బుధవారం

ల్యాబులో ఒక మూల మోటార్ సైకిల్ ఇంజన్‌ని అడ్డంగా కోసి పెట్టిన మోడల్ ఉంది. రోజూ దాని పక్క నుంచే వెళ్తాను. ఇవాళ ముక్కాలిపీట వేసుకుని దాని ముందు కూర్చుని, ఆయిల్ వెళ్లే దారిని వేలితో పట్టుకుని వెళ్లాను. పంపు నుంచి పైకి, పిస్టన్ దగ్గరికి, వాల్వులు తెరిచే కామ్ దగ్గరికి. మళ్లీ కిందికి, గేర్లలోకి. అక్కడి నుంచి వేలు నేరుగా క్లచ్‌లోకి వెళ్లిపోయింది.

కార్లో క్లచ్ పొడిగా, విడిగా ఉంటుంది. ఇంజన్ ఆయిల్ అటువైపు పోదు. బైకులో ఇంజన్‌కీ గేర్లకీ క్లచ్‌కీ అంతా ఒకటే ఆయిల్. క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్లోనే మునిగి, ఒకదాన్నొకటి గట్టిగా నొక్కిపట్టుకుని చక్రాన్ని తిప్పాలి. అవి బతికేదే రాపిడి మీద. ఆ రాపిడిని తీసేస్తానని నేను అంత అందంగా రాశాను.

ఇది నాకు పరీక్షలో వచ్చిన ప్రశ్నే. ఐదు మార్కులకి ఐదూ వచ్చాయి.

ఫ్లోరెన్స్ మేడం ఎప్పుడొచ్చి వెనక నిలబడ్డారో తెలీదు. "ఇప్పుడు చెప్పు, ఆ మూడూ" అన్నారు.

"బైకు ఇంజన్. క్లచ్ ప్లేట్లు. నాలుగు లీటర్లకి పోసేది లీటరులో." ఇంకా ఏదో చెప్పబోయి ఏడ్చేశాను. కరపత్రం సంగతి, బాబాయ్ సంగతి, అన్నీ చెప్పేశాను.

మేడం ఓదార్చలేదు. "క్లచ్ వల్లనే అని నువ్వనుకుంటున్నావు. అనుకోవడం వేరు, చూడటం వేరు. చూపించగలవా?" అని అడిగారు.

ఫిబ్రవరి 12, గురువారం

మేడం రెండు రాగి పట్టీలు ఇచ్చారు. తోమి మెరిపించి, ఒకటి ఉత్త ఆయిల్లో, ఒకటి క్రిస్మస్‌లో మావయ్య ఇచ్చిన సీసాలోని మందు కలిపిన ఆయిల్లో వేసి వేడి చేశాం. మొదటిది మెరుస్తూనే బయటికి వచ్చింది. రెండోది కాస్త చామనఛాయకి తిరిగింది. అంటే మందులో బేరింగుల్లోని రాగిని తినేది ఏదైనా ఉందా?

"ఉండొచ్చు. ఒక్క పట్టీని చూసి తీర్పు చెప్పకు. లోపల ఏం కలిపారో సీసా మీద లేదు" అన్నారు మేడం.

ఈ వాక్యాలకి లయ లేదు. అయినా ఇలాగే రాసుకుంటున్నాను.

శివనాగరాజు ఇచ్చిన ప్లేట్లు పెట్రోలుతో కడిగాను. ఎంత జారితే ఎంత పట్టు పోయినట్టో చూడటానికి ల్యాబులో పెద్ద మిషన్ ఏదీ లేదు. ఇంటర్‌లో చేసిన ఏటవాలు బల్ల ప్రయోగం గుర్తొచ్చింది. ఒక బల్లచెక్క చాలు.

ఫిబ్రవరి 14, శనివారం. తెనాలి, తర్వాత రేపల్లె

బల్లని బస్సులో తెచ్చేసరికి ముగ్గురి మోకాళ్లకి తగిలింది. ముగ్గురూ తిట్టారు.

మావయ్య చాలా హుషారుగా ఉన్నాడు. సోమవారం పొద్దున నిజాంపట్నం హార్బర్‌లో ప్రదర్శనట. చేపల బళ్లవాళ్లందరూ వస్తున్నారట. కరపత్రాలు మళ్లీ అచ్చు వేయించాడు. "చూడు కోడలా, ఈసారి కింద నీ పేరు కూడా వేయించా." 'రచన: హెలెన్.' నా పేరు అచ్చులో చూడటం ఇదే మొదలు. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన అక్షరాలు, ఈ కాగితం మీద వచ్చాయి.

"మావయ్యా, ఒకటి చూపిస్తాను, చూస్తావా?"

మిషన్ పక్కనే బల్ల పెట్టి, దానిమీద క్లచ్‌లోని ఉక్కు రేకు బిగించాను. ఉత్త ఆయిల్లో తడిపిన ప్లేటు దాని మీద ఉంచి, బల్ల ఒక చివర కింద ఆయిల్ డబ్బాలు ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోయాను. బల్ల బాగా వాలేదాకా ప్లేటు కదల్లేదు. తర్వాత బాబాయ్ పోసినట్టు సీసా అంతా కలిపిన ఆయిల్లో తడిపిన ప్లేటు. రెండు డబ్బాలకే సర్రున జారి మావయ్య చెప్పు మీద పడింది.

"అంత పోస్తే జారదా మరి? కొలత ప్రకారం పోసి చూపించు."

కొలత ప్రకారం కలిపాను. ఈసారి తొందరగా జారలేదు.

"అదీ!" అన్నాడు మావయ్య.

"ఉత్త ఆయిల్ కంటే ఒక డబ్బా ముందే జారింది మావయ్యా."

"ఒక్క డబ్బా! ఒక్క డబ్బాకే కొంపలు మునిగాయా? వాడు మొత్తం గుమ్మరించుకుంటే నేనేం చేసేది?"

"ప్రార్థన చేసిన సీసాని కొలిచి పోసి మిగతాది దాచుకుంటారా ఎవరైనా? మన గుడి సంగతి నీకు తెలీదా? పైగా కొలత మనం చెప్పనే లేదు. ఏ బండికైనా అన్నాం."

"మనం అంటావేంటి? రాసింది నువ్వు. నేను ఇంగ్లీషు సీసా నీ చేతికిచ్చా. అందులో కొలత ఉందా లేదా?"

ఉంది.

"నా మిషన్ అబద్ధమా అయితే?"

"అబద్ధం కాదు. ఇనుముని ఇనుము అంత బలంగా నొక్కే చోట నిజమే. ఇంజన్లో ఎక్కువ చోట్ల మధ్యలో ఆయిల్ పొర ఉంటుంది, అవి అలా నొక్కుకోవు. ఇంక బైకు క్లచ్‌లో..."

"ఇన్నేళ్లు షాపు నడిపినోడికి నిన్న కాలేజీలో చేరినదానివి పాఠం చెప్తున్నావా! ఎల్లుండి ఇరవై మంది వస్తారు. వాళ్ల ముందు నా పరువేం కావాలి? వెళ్లు, రైలుకి టైమవుతోంది."

బల్ల అక్కడే వదిలేసి వచ్చేశాను. రైల్లో వేమూరు వచ్చేదాకా నాకు ఏమీ కనిపించలేదు. ఈయన లేకపోతే నన్ను రచయిత్రి అనేవాళ్లు ఇంకెవరూ లేరన్న ఆలోచన వచ్చింది. పిన్ని చెయ్యి కంటే ముందు నాకొచ్చిన ఆలోచన అది. అది కూడా రాసి పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 15, ఆదివారం. రేపల్లె

ఊరంతా శివరాత్రి సందడి. శివనాగరాజు ఉపవాసం, షెడ్డు మూసేశాడు. చర్చిలో ఆరాధన అయ్యాక అమ్మతో కలిసి విజయమ్మ పిన్నిని చూడటానికి వెళ్లాను.

చేతికి పిండికట్టు. ఎడమ చేత్తోనే మంచినీళ్లు ఇచ్చింది. "ఏం కాలేదమ్మా, దేవుడు కాపాడాడు. మందు పోసి ఉంచాం కాబట్టి ఇంజన్‌కి చీమ కుట్టినట్టయినా కాలేదంట" అంది.

ఇంక ఆగలేకపోయాను. "పిన్నీ, ఆ మందు వల్లే బండి జారింది."

మంచం మీద కూర్చున్న సంజీవరావు బాబాయ్ తల ఎత్తాడు. వేలితో మంచం పట్టె మీద గీస్తూ చెప్పాను. ఒకటే ఆయిల్, ఇంజన్‌కీ అదే, క్లచ్‌కీ అదే. చప్పుడు తగ్గడం నిజమే, జారడమూ నిజమే.

"అది ప్రార్థన చేసిన సీసా కదా పాపా" అన్నాడు బాబాయ్, చాలా మెల్లగా.

అమ్మ అందుకుంది: "సంజీవరావూ, గుమ్మడికాయకీ ప్రార్థన చేశారు. అట్టాగని దాన్ని పెట్రోలు ట్యాంకులో వెయ్యంగా."

పిన్ని నవ్వింది, నవ్వితే చెయ్యి నొప్పెట్టి ఆపేసింది. బాబాయ్ మాత్రం నవ్వలేదు. "మరి మీ మావయ్య ఏమంటాడు?"

"కాదంటున్నాడు."

"అయితే మీ ఇంట్లోనే తేలలేదన్నమాట. రేపు హార్బర్లో మావోళ్లంతా ఆయన మాట వింటారా, నీ మాట వింటారా? నేనైతే ఎవరి మాట వినాలి?"

మధ్యాహ్నం అన్నం తినబుద్ధి కాలేదు. రేపు ఇరవై బళ్లు. వాళ్లందరూ ఆ వంతెన ఎక్కాల్సినవాళ్లే. వెనక ఎవరో ఒకరు కూర్చుంటారు. ఒక్కదాన్నే వెళ్లి నా మాట నేనే కాదనాలి అనుకున్నాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుందామని కూర్చుంటే, రాసిన ప్రతి వాక్యమూ అందంగా తయారవుతోంది. మూడు కాగితాలు చించాను.

సాయంత్రం వాకిట్లో ఆటో ఆగింది. మావయ్య! ముందు మిషన్ దించాడు. తర్వాత లోపలికి వంగి నా బల్ల బయటికి తీశాడు.

"ఇది షాపులో మర్చిపోయావ్" అన్నాడు. నా మొహం చూడలేదు. అరుగు మీద కూర్చుని అమ్మ ఇచ్చిన టీ అంతా తాగాక అన్నాడు: "నిన్న నువ్వెళ్లాక మళ్లీ పేర్చా. ఇవాళ పొద్దున కూడా. ఎన్నిసార్లు పేర్చినా ఆ ఒక్క డబ్బా తేడా పోవట్లేదు."

"మావయ్యా..."

"ఆగు. కార్లకి అమ్ముతా. అది మానను. నా మిషన్ కార్లకి."

"కార్లకైనా అందులో ఏముందో కనుక్కున్నాకే మావయ్యా. మా ల్యాబులో దాంట్లో వేసిన రాగి పట్టీ రంగు మారింది."

"అది తర్వాత పోట్లాడుకుందాం. ముందు బైకుల సంగతి తేల్చు." జేబులోంచి కొత్త కరపత్రాల కట్ట తీసి అమ్మకి ఇచ్చాడు. "పొయ్యిలోకి పనికొస్తాయక్కా. కోడలి పేరున్న ముక్క కావాలంటే కత్తిరించి దాచుకో." అమ్మ నిజంగానే కత్తెర కోసం లేచింది. వద్దన్నాను.

ముగ్గురం నడుచుకుంటూ బాబాయ్ ఇంటికి వెళ్లాం. మావయ్య చెప్పులు విడిచి, పిన్ని కట్టు వైపు చూసి, లోపలికి రాకుండా గడపలోనే నిలబడ్డాడు.

"తేలిందయ్యా సంజీవరావూ. మా ఇంట్లో తేలింది. మా కోడలు చెప్పిందే నిజం. నీ బండిలో పోయాల్సింది కాదది."

బాబాయ్ తిడతాడనుకున్నాను. తిడితే బావుండుననీ అనుకున్నాను.

"ఇట్టా గడపలో నిలబడి నా ఒక్కడికే చెప్తే నాకే తెలుస్తది బర్నబాసూ. రేపు మావోళ్లందరి ముందరా నా బండిలో ఆయిల్ దింపండి. బండి ఖాళీగా మెల్లగా తోలుకొస్తా. చూసినోళ్లు మళ్లీ పొయ్యరు" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "నీకు ఆయిల్ దింపడం వచ్చా పాపా, రాయడమేనా?" అని అడిగాడు.

"వచ్చు బాబాయ్."

"ఆ ప్లేట్లు?"

"విప్పి కడగాలి. కడిగినా పట్టకపోతే మార్చాలి."

మావయ్య వెంటనే, "అది నా పని" అన్నాడు.

తిరిగి ఇంటి ముందుకొచ్చాక మావయ్య ఒక్కమాట అన్నాడు: "రేపు మాట్లాడేది నువ్వే. నేను పక్కన నిలబడతా. కాగితం తేకు."

రేపు తెల్లవారగానే మావయ్య ఆటోలో నిజాంపట్నం. ఆయిల్ పట్టడానికి అమ్మ పాత లోతు పళ్లెం ఇస్తానంది, పదిహేడో నంబరు పానా సంచిలో వేసుకున్నాను. వేలం అయ్యి చేపలు ఐసులోకి ఎక్కేలోపు, బళ్లవాళ్లు కాస్త తీరిగ్గా ఉంటారట. అప్పుడు బాబాయ్ బండి కింద పళ్లెం పెట్టి, బోల్టు విప్పి, ఆయిల్ మొత్తం దిగేదాకా నేను ఏమీ మాట్లాడకూడదు. ఏంటి, ఎందుకు అని వాళ్లే అడుగుతారు. అడిగాక బల్ల ఎత్తుతాను.